మూడు వందల పన్నెండో మొల

దేవుడి మీద ఒట్టు వేయలేను. నాకు దేవుడు లేడు. పిల్లల మీద వేద్దామంటే పిల్లలు లేరు. అందుకని నా నాలుక మీదే ఒట్టు. ఇరవై ఏళ్లుగా సభల్లో, అరుగుల మీద, టీ హోటళ్లలో "దయ్యాలు లేవు" అని అరిచి బొంగురుపోయిన ఈ నాలుక మీద ఒట్టు. ఇప్పుడు చెప్పబోయేది జరిగింది. నాకే జరిగింది.

దయ్యాన్ని చూశానంటూ వచ్చినవాణ్ని నేను మూడు ప్రశ్నలు అడిగేవాణ్ని. వెలుతురు ఎంత? తాగి ఉన్నావా? పక్కన ఇంకెవరున్నారు? మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చాలామంది తువ్వాలు దులుపుకొని లేచిపోయేవారు. ఆ మూడూ నాకు నేనే వేసుకున్నాను. కందిలి వెలుతురు ఉంది. కల్లు, సారా నేను జన్మలో ముట్టలేదు. మూడోదానికి... చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

మాది మంచిర్యాల దాటి శ్రీరాంపూర్ దిక్కుగా పోతే వచ్చే బొగ్గు ఊరు. నేను కరీంనగర్ నుంచి ఉద్యోగానికి వచ్చిన ఏడాది అక్కడ టేకు చెట్లు, నాలుగు రేకుల షెడ్లు, ఒక బొగ్గుబాయి. అంతే. ఆ తర్వాత ప్రతి వానాకాలానికీ ఒక కొత్త వాడ మొలిచింది. కరీంనగర్ పల్లెల నుంచి, జైనూర్ గుట్టల నుంచి, నాగపూర్ అవతలి నుంచి మగవాళ్లు మూట భుజాన వేసుకొని దిగేవారు. ఎవరికెవరూ తెలియదు. బడి రాలేదు. ఆసుపత్రి రాలేదు. వీధి దీపం అసలే రాలేదు. సారా దుకాణాలు మాత్రం ముందే వచ్చి కూర్చున్నాయి.

వాటి వెనకే కత్తులు వచ్చాయి. తెల్లారేసరికి ఏదో ఒక సందులో ఎవడో ఒకడు పడి ఉండేవాడు. ముందు కుక్కలు చూసేవి. తర్వాత నీళ్లకు పోయే ఆడవాళ్లు చూసేవారు. అందరికంటే చివర పోలీసులు చూసేవారు.

మా టీ హోటలు గట్టయ్య ఈ చావుల కారణం ఎప్పుడో కనిపెట్టేశాడు.

"మైసమ్మ గద్దె మీదికెళ్లి రోడ్డేసిండ్రు సారూ. ఆమె ఊకుంటదా? నెత్తురు అడుగుతున్నది."

"నెత్తురే గావాల్నంటే మేనేజరు బంగ్లల లేదా గట్టయ్యా? కూలోళ్ల వాడకే ఎందుకొస్తది? బంగ్ల కాడి కుక్కకు బయపడ్తదా ఏంది మీ మైసమ్మ?" అన్నాను.

హోటలంతా నవ్వింది. గట్టయ్య కూడా నవ్వాడు, చెంపలేసుకుంటూ.

ఆ వారమే కరీంనగర్‌లోని ఒక చిన్న పత్రికకు వ్యాసం రాశాను. నేరం ఆకాశం నుంచి ఊడిపడదు అన్నాను. దీపస్తంభం కంటే సారా దుకాణం ముందు వచ్చిన ఊళ్లో కత్తి రాక ఏమొస్తుంది అన్నాను. పెళ్లాన్ని పల్లెలో వదిలి వచ్చిన మగవాడు, అక్కడ ఆమె ఎవరితో నవ్వుతున్నదో అని రాత్రంతా ఊహిస్తాడు. ఆ ఊహ చివరికి పక్క గుడిసెవాడి పొట్టలో దిగుతుంది. ఈర్ష్య ఆటవిక గుణం, చదువు వచ్చినచోట అది నిలవదు అని ముగించాను. ఆ చివరి వాక్యం నాకు బాగా నచ్చింది. అచ్చులో రెండుసార్లు చదువుకున్నాను.

నా ఉద్యోగం లాంపు రూములో. బాయి దిగే మనిషి నెత్తికి పెట్టుకునే దీపం ఇచ్చే గది అది. ఒక పద్ధతి ఉంటుంది, అది తెలియకపోతే ఈ కథ తెలియదు. ప్రతి కార్మికుడికీ ఒక నంబరు. ఆ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఒకటి అతని దగ్గర ఉంటుంది. దిగేముందు కిటికీలో బిళ్ల ఇస్తాడు, అదే నంబరు లాంపు తీసుకుంటాడు. మేము ఆ బిళ్లను గోడ మీది బోర్డుకు కొట్టిన అతని నంబరు మొలకు, అంటే మేకుకు, తగిలిస్తాం. పైకి వచ్చాక లాంపు ఇచ్చి, బిళ్ల తీసుకొని ఇంటికి పోతాడు. అంటే మొల ఖాళీగా ఉంటే మనిషి పైన ఉన్నట్టు. మొలకు బిళ్ల వేలాడుతుంటే మనిషి ఇంకా భూమి లోపల ఉన్నట్టు. షిఫ్టు అయ్యాక ఒక్క బిళ్ల మిగిలినా సరే, మనుషులు మళ్లీ లోపలికి దిగి వెతకాల్సిందే.

మా కిటికీ చిన్నది, కిందికి ఉండేది. మొహాలు కనబడవు. చేతులే కనబడతాయి. ఏ చెయ్యి ఎవరిదో నేను చూడగానే చెప్పేవాణ్ని.

మూడు వందల పన్నెండో నంబరు ఓదెలుది. బొగ్గు నింపే కూలి. మొహం సరిగా గుర్తులేదు. చెయ్యి గుర్తుంది. ఎప్పుడో బొగ్గు టబ్బు కింద నలిగి చిటికెన వేలు లోపలికి వంగిపోయింది. లాంపు అందుకునేటప్పుడు ఆ వేలు నా వేళ్లకు తగిలేది. "మూడొందల పన్నెండు" అనేవాడు. అంతకు మించి మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఒక రాత్రి రెండో షిఫ్టు దిగి, పదకొండు సైరను అయ్యాక, లాంపు ఇచ్చి బిళ్ల తీసుకొని పోయాడు. మా గదికీ కూలీల వాడకీ నడుమ ఒక ఇరుకు సందు ఉంది. అటు బొగ్గు దిబ్బ, ఇటు సారా దుకాణం వెనక గోడ. అక్కడ ఎవడో వెనక నుంచి పొడిచాడు. ఎవడో, ఎందుకో... ఈ రోజుకూ తెలియదు.

నేను మండిపోయాను. అతని చావు మీద ఒక వ్యాసం రాయడానికి వివరాలు అడగాలని అతని భార్య దగ్గరికి వెళ్లాను. ఆమె పేరు భూలక్ష్మి. అట్లా మొదలైంది. రెండేళ్లకు ఆమెను పెళ్లి చేసుకున్నాను. మంత్రాలు లేవు, పంతులు లేడు. పఠన మందిరంలో రెండు దండలు, నాలుగు ఉపన్యాసాలు. విధవను చేసుకున్న ధీరుడని మిత్రులు చప్పట్లు కొట్టారు. గట్టయ్య మాత్రం తన ధోరణిలో తాను అన్నాడు.

"ఓదెలుకు బత్తి నువ్వే ఇచ్చెటోనివి. ఇప్పుడు గాయిన ఇంట్ల బత్తి గూడ నువ్వే పెడ్తున్నవ్. నీ నౌకరీ మారలేదు సారూ!"

హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను. టీ మాత్రం సగంలోనే వదిలి లేచాను.

ఇప్పుడు సిగ్గువిడిచి ఒక మాట చెబుతాను. చచ్చినవాడంటే నాకు కుళ్లు పుట్టింది. ఆత్మ లేదని, పరలోకం లేదని వేదికలెక్కి చెప్పే నాకు... లేనివాడంటే కుళ్లు! బతికున్నవాడితో అయితే పోటీ పడవచ్చు. చచ్చినవాడితో ఎట్లా? వాడికి వెంట్రుక నెరవదు. వాడు గొంతు పెంచడు. వాడు అన్నం బాగాలేదని కంచం నెట్టడు. భూలక్ష్మి నన్ను "మీరు" అనేది. వాణ్ని తలుచుకున్నప్పుడు "మా ఓదెలు" అనేది. ఆ "మా" లో నేను లేను.

ఒక రాత్రి ఒళ్లు కాలిపోతుంటే సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. అప్పుడే పదకొండు సైరను ఆగింది. ఇంట్లో చీకటి. వెనక రేకు కింద పొయ్యి వెలుగుతోంది. దాని మీద పెద్ద గిన్నెలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. భూలక్ష్మి పక్కన గొంతుక్కూర్చుని ఉంది.

"ఎవలికి నీళ్లు?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది. "అలవాటు... సైరన్ కూస్తే మెలుకువొస్తది. ఊకె ఉండబుద్దిగాదు."

నేను తెల్లచొక్కాతో పోయి తెల్లచొక్కాతో వచ్చేవాణ్ని. అదీ తెల్లారి ఏడింటికి. పదకొండింటికి వేన్నీళ్లు నాకెందుకు? రోజూ, పెళ్లయిన నాటి నుంచి రోజూ, నేను బోర్డు ముందు కూర్చున్న వేళ నా ఇంట్లో ఇంకొకడి ఒంటి బొగ్గు కోసం నీళ్లు కాగుతున్నాయి. ఆ జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. ఈ మంట తగ్గలేదు.

ఆ తర్వాతే ఆమె పెట్టెలో బిళ్ల దొరికింది. వెతకలేదని అబద్ధం చెప్పను. వెతికాను. పసుపు గుడ్డలో చుట్టి ఉంది. ఇత్తడి మెరుస్తోంది, రోజూ తుడిచినట్టు. మూడు వందల పన్నెండు. ఆ రాత్రి శవం మొలతాడుకు ఉన్నదాన్ని పోలీసులు బట్టలతో పాటు ఆమెకు ఇచ్చి ఉంటారు.

"ఇది కంపెనీ సొత్తు. లాంపు రూముల ఇయ్యాలె" అన్నాను.

"మూడేండ్లు లేని కంపెనీ ఇయ్యాల యాదికొచ్చిందా?" అంది ఆమె. "గది అన్నం అడుగుతదా, బట్ట అడుగుతదా? ఉండనియ్యరాదా?"

"కాయిదా కాయిదానే. కంపెనీ రూలు."

ఆమె బిళ్లను నా చేతిలోనే వదిలేసింది. పెట్టె మూత వేసింది. ఆ మూత చప్పుడు నాకు ఇష్టంగా వినబడింది. గెలిచినట్టు అనిపించింది.

ఇక ఆ రాత్రి.

వానాకాలం. మర్నాడు బాయికి సెలవు కాబట్టి రెండో షిఫ్టే ఆఖరు, రాత్రి షిఫ్టు లేదు. నాతో పాటు గదిలో ఉన్నది కాసీం చిచ్చా. లాంపులు, బ్యాటరీలు చూసే ముసలాయన. నేను జేబులోంచి బిళ్ల తీసి మూడు వందల పన్నెండో మొలకు తగిలించాను. ఓదెలు చచ్చిన నాటి నుంచి ఆ నంబరుకు ఏ కూలీ ఒప్పుకోలేదు. ఆ మొల ఖాళీగానే ఉండేది. ఆ మూఢత్వం కూడా ఈ రోజుతో వదిలిస్తాను అనుకున్నాను. సోమవారం కొత్తవాడికి ఇద్దామని ఆ నంబరు లాంపు కూడా ముందు రోజే చార్జింగుకు పెట్టి ఉంచాను.

చిచ్చా చూశాడు. చేతిలో ఉన్న బ్యాటరీ కింద పెట్టాడు.

"అరే సారూ... ఏం జేసిండ్రు?"

"నంబరు నంబరే చిచ్చా. దానికి పానం ఉంటదా?"

"నంబరు సంగతి గాదు. మొల మీదికి బిళ్ల వచ్చిందంటే మనిషి లోపల ఉన్నట్టు. గీ బోర్డు గంతే చెప్తది. మీరు గాయినను లోపలికి పంపిండ్రు." గొంతు తగ్గించాడు. "పంపినంక... పైకి రావాలె గద."

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. ఆయన నవ్వలేదు.

పదకొండుకు సైరను కూసింది. కూలీలు వచ్చారు. చేతులు... చేతులు... నల్లటి చేతులు. లాంపులు లోపలికి, బిళ్లలు బయటికి. అరగంటలో బోర్డు ఖాళీ అయింది. ఒక్కటి తప్ప. ఆ ఖాళీ బోర్డు మీద అది ఒక్కటే వేలాడుతుంటే నాకు తెలియకుండానే మనసులో అనుకున్నాను, ఒకడు ఇంకా రాలేదని. పదేళ్ల అలవాటు. కళ్లు అట్లాగే చదివాయి.

అప్పుడు కరెంటు పోయింది.

కందిలి వెలిగించాను. చిచ్చా వెనక గదిలో నడుము వాల్చాడు. వాన రేకుల మీద... గులకరాళ్లు పోసినట్టు. నేను వ్యాసం ముందేసుకున్నాను. మళ్లీ కత్తిపోట్ల మీదే. "ఈ హంతకులు" అని రాసి ఆగాను. ఏదో చప్పుడు.

కిటికీ గట్టు మీద ఏదో పెట్టిన చప్పుడు. బరువుగా... టక్.

తలెత్తాను.

లాంపు. తీగ చుట్టి, బ్యాటరీ పక్కన పెట్టి, పద్ధతిగా. దాని పక్కన చెయ్యి.

చెయ్యి నల్లగా ఉంది. తడిగా ఉంది. గోళ్ల చుట్టూ బొగ్గు గీతలు. అరచెయ్యి పైకి తెరిచి ఉంది. బిళ్ల కోసం చాపినట్టు... అందరూ చాపినట్టే. నాలుగు వేళ్లు తిన్నగా ఉన్నాయి. చిటికెన వేలు...

చిటికెన వేలు లోపలికి వంగి ఉంది.

"మూడొందల పన్నెండు."

అలిసిపోయిన గొంతు. కోపం లేదు, బెదిరింపు లేదు. షిఫ్టు దిగిన మనిషి గొంతు.

నేను భయపడ్డానా? విచిత్రం ఏమిటంటే ముందు వచ్చింది భయం కాదు. ఆ వేలు చూడగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఈ వేలు ఆమెను ముట్టింది అని. గుండెలో నిప్పు పోసినట్టయింది. బిళ్ల ఇస్తే ఎక్కడికి పోతాడో నాకు తెలుసు. బిళ్ల తీసుకున్నవాడు ఇంటికే పోతాడు. ఈ వేళకు నీళ్లు కాగి ఉంటాయి.

"ఇయ్యను" అన్నాను.

చెయ్యి కదలలేదు.

"ఎవడ్రా నువ్వు? పరాచికమా? పేరు చెప్పు!"

చెయ్యి కదలలేదు. వాన చినుకులు అరచేతిలో పడుతున్నాయి. వేళ్ల సందుల్లోంచి నల్లనీళ్లు గట్టు మీదికి కారుతున్నాయి. అట్లా ఎంతసేపు... నాకు తెలియదు. అది ఎదురుచూస్తోంది. ఎంతసేపైనా ఎదురుచూసేలా ఉంది.

గాలి కొట్టింది. కందిలి ఆరిపోయింది.

చీకట్లో నా వెనక నుంచి, బోర్డు ఉన్న గోడ దగ్గర నుంచి ఒక చప్పుడు. రోజుకు వందలసార్లు వినే చప్పుడు. మొల మీంచి బిళ్ల తీసిన చప్పుడు.

టింగ్.

కిటికీ నుంచి ఆ గోడ నాలుగు బారల దూరం.

అగ్గిపుల్ల మూడోసారికి వెలిగింది. మొల ఖాళీ. కిటికీ ఖాళీ. గట్టు మీద లాంపు ఉంది. మీట తిప్పి చూశాను. ఎర్రగా, నీరసంగా, ఆరిపోబోయే బీడీలా వెలిగింది. ఎనిమిది గంటలు వాడిన లాంపు అట్లాగే వెలుగుతుంది. నేను నిండా చార్జింగు చేసిన లాంపు అది. సాయంత్రం దాని గూట్లో అది ఉందో లేదో చూశానా? చూసినట్టే గుర్తు. చూడనట్టూ గుర్తు.

"చిచ్చా! ఎవడో వచ్చిండు... ఇన్నవా?"

ముసలాయన కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "ఇన్న సారూ. మీ గొంతు ఇనవడ్డది."

"వాని గొంతు?"

ఆయన బోర్డు వైపు చూశాడు. ఖాళీ మొలను చూశాడు. నా వైపు చూడలేదు.

"మీ గొంతొక్కటే ఇనవడ్డది."

ఇదే మూడో ప్రశ్నకు నా జవాబు.

కిటికీ ఆయనకు అప్పగించి వానలోకి దూకాను. నడుస్తూ తర్కిస్తున్నాను... తర్కం ఆగదు కదా నాకు. దయ్యాలు లేవు. కాబట్టి మనిషే. నా రాతలంటే పడనివాడు ఎవడో. వేలు వంచి ఆడాడు. గోడ దగ్గరి చప్పుడు నా చెవుల భ్రమ, లేదా చీకట్లో తలుపు తీసుకొని లోపలికి వచ్చి ఉంటాడు. బాగుంది. కానీ బిళ్ల ఎందుకు తీసుకుపోయాడు? ఎవరికి కావాలి ఆ బిళ్ల? లోకంలో ఒక్కరికే కావాలి. అంటే ఆమె పంపింది. ఆమె పంపితే పోయేవాడు, ఆమె కోసం బొగ్గు పూసుకొని వానలో వచ్చేవాడు ఒకడున్నాడు. వాడెవడు? ఎన్నాళ్ల నుంచి? ఆ నీళ్లు వాడికేనా?

చూశారా, దయ్యం ఉంటే నా రాతలన్నీ అబద్ధం. లేకపోతే నా ఇల్లు అబద్ధం. ఈ రెంటిలో ఏది నయమో తేల్చుకోలేక పరుగెత్తుతున్నాను.

సందులోకి తిరిగాను.

ముందు ఎవరో నడుస్తున్నారు. కనబడటం లేదు. వినబడుతోంది. మొలతాడుకు కట్టిన బిళ్ల అన్నం డబ్బాకు తగిలే చప్పుడు... టింగ్... టింగ్... టింగ్. తొందర లేని నడక. ఇంటికి పోయే నడక. నేను వేగం పెంచాను. అదీ పెంచింది. నేను ఆగాను. అది ఆగలేదు. పళ్లు బిగించి మళ్లీ పరుగెత్తాను. దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. చెయ్యి చాపితే అందేంత...

మెరుపు మెరిసింది.

సందు ఖాళీగా ఉంది. సారా దుకాణం గోడ మీద ఒక నీడ ఉంది. చెయ్యి పైకెత్తి ఉంది. చేతిలో ఏదో వంకర ఇనుము.

ఆ నీడ నాదే.

బ్యాటరీ మూతలు తీసే ఇనుప కొక్కెం అది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. గదిలోంచి ఇంత దూరం పట్టుకొని వచ్చాను. వీపంత ఎత్తుకు, సరిగ్గా గురి చూసి, ఎత్తి పట్టుకున్నాను.

మూడేళ్ల కింద ఇదే చోట ఒకడు నిలబడ్డాడు. ముందు ఇదే టింగ్ టింగ్ విని ఉంటాడు. చేతిలో ఇనుము. రొమ్ములో ఇదే మంట. వాడెవడో ఈ రోజుకూ తెలియదన్నాను కదా... కానీ వాడి అడుగులు ఎక్కడ పడ్డాయో ఆ రాత్రి నా పాదాలకు తెలిసింది. ఆమె మీద మనసు పడి నేనే ఓదెలును చంపానని ఊళ్లో కొందరు గుసగుసలాడుకునేవారు. ఓదెలు చచ్చిన రాత్రి తెల్లారేదాకా నేను కిటికీ దగ్గరే ఉన్నాను, కాసీం చిచ్చా సాక్షి. అప్పటికి ఆమె మొహం కూడా నాకు తెలియదు. ఆ గుసగుసలకు నేను నవ్వేవాణ్ని. ఆ గోడ మీది నీడను చూశాక మళ్లీ నవ్వలేదు.

కొక్కెం విసిరేశాను. ఎక్కడో నీళ్లలో పడింది. మర్నాడు వెతికితే దొరకలేదు. ఆ సందులో ఇనుము ఒక రాత్రికి మించి నిలవదు లెండి.

ఇంటికి వచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టాను. వెనక రేకు కింద పొయ్యిలో నిప్పులు మినుకుమంటున్నాయి. గిన్నె బోర్లించి ఉంది. భూలక్ష్మి చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని స్నానాల బండ కడుగుతోంది. బండ మీది నీళ్లు కాలవలోకి పారుతున్నాయి.

నల్లగా.

"మల్ల తడిసొచ్చిండ్రా?" అంది, నన్ను చూసి. "ఇందాకనే గద తానం జేసి పోయిండ్రు."

నేను ఇల్లు దాటి రేకు కిందికి వచ్చాను.

"ఎవలు?" అన్నాను.

"ఎవలేంది? మీరే." చీపురు ఆపింది. "గాలికి చిమ్నీ దీపం ఆరిపోయింది. అగ్గిపెట్టె దొరకలే. మీరు వచ్చి బండ మీద కూసున్నరు. ఒల్లంత మసి. లాంపు రూముల ఏమన్న కాలిందా అని అడిగిన. మీరు మాట్లాడలే. నీళ్లు పోసిన. వీపు తోమిన. లేచి పోయిండ్రు."

"వీపు తోమినవా?"

"తోమిన."

"తోమినప్పుడు..." ఒక అడుగు ముందుకు వేశాను. "నా వీపే అనుకున్నవా?"

ఆమె లేచి నిలబడింది. నా చొక్కా చూసింది. వానకు తడిసి ఒంటికి అంటుకొని, తెల్లగా ఉంది. నా చేతులు చూసింది. తర్వాత కాలవలోకి పోతున్న నీళ్లు చూసింది. వాన తగ్గింది. రేకు అంచు నుంచి ఒక్కో చుక్క... ఒక్కో చుక్క.

"మరి ఇంకెవలది?" అంది.

అడిగిందా, చెప్పిందా? ఆ మాట గొంతులో ఏముందో నేను ఎన్నిసార్లు మనసులో మళ్లీ విన్నానో చెప్పలేను. ఒకసారి భయం వినబడుతుంది. ఒకసారి అమాయకత్వం. కొన్ని రాత్రులు మాత్రం... తృప్తి వినబడుతుంది.

కాసీం చిచ్చా సోమవారం నాడు ఎవరికీ చెప్పకుండా కటింగ్ ప్లేయరు తెచ్చి మూడు వందల పన్నెండో మొల పీకేశాడు. నేను కాదనలేదు. వ్యాసం మళ్లీ ముందేసుకున్నాను. "ఈ హంతకులు" అన్న చోట నుంచి పెన్ను ముందుకు కదలలేదు. ఆ కాగితం చించేసి, సందులో దీపాలు వేయించమని ఒక అర్జీ రాశాను. గట్టయ్య చేత వేలిముద్ర వేయించాను. కూలీల వాడ అంతా తిరిగి సంతకాలు పెట్టించాను. ఏడాది తిరిగాక మూడు స్తంభాలు పాతారు. దీపాల కింద ఆ సందులో తర్వాత ఎవడూ చావలేదు. చావులు అవతలి సందుకు మారాయి. అది వేరే అర్జీ.

నా వాదం నేను వదల్లేదు. దయ్యాలు లేవు. కావాలంటే ఇప్పుడే వేదిక ఎక్కిస్తే చెబుతాను. చెవుల భ్రమ కావచ్చు. కక్షగట్టిన మనిషి కావచ్చు. నేనే, ఒళ్లు తెలియని ఏదో కుళ్లులో, బొగ్గు దిబ్బ మీద పడి దొర్లి, ఇంటికి పోయి వచ్చి, మళ్లీ పోయి ఉండవచ్చు. అట్లాగైతే చొక్కా తెల్లగా ఎట్లా ఉందని నన్ను అడగకండి. నన్ను నేనే అడిగి చూశాను.

తెలుసుకోవడం కష్టమేం కాదు. ఆమె పెట్టె మంచం కిందే ఉంది. తాళం లేదు. మూత ఎత్తి పసుపు గుడ్డ విప్పితే, బిళ్ల ఉందో లేదో తెలిసిపోతుంది. "నమ్మకండి, తెరిచి చూడండి" అని ఊరందరికీ చెప్పినవాణ్ని. తాయెత్తులు విప్పించినవాణ్ని, పూనకాల జుట్లు పట్టి లేపినవాణ్ని. ఆ పెట్టె మీద చెయ్యి పెట్టాను, చాలాసార్లు. ఎత్తలేదు.

ఒక్క సంగతి మాత్రం నిజం, దానికి తర్కం అక్కర్లేదు. ఆ రాత్రి తర్వాత భూలక్ష్మి పదకొండు సైరనుకు లేవడం మానేసింది. నీళ్లు పెట్టదు. సెలవు రాత్రుల్లో పక్కన పడుకొని చూస్తుంటాను. సైరను కూస్తుంది. ఆమె కదలదు. ఎవరో క్షేమంగా ఇల్లు చేరినట్టు, ఒక చెయ్యి చెంప కింద పెట్టుకొని, హాయిగా నిద్రపోతుంది.

ఇప్పుడు ఆ వేళకు మెలకువ వచ్చేది నాకే.